స్విచ్ వేయని రక్షణ

1997 సెప్టెంబరు 19న స్వాన్‌సీ నుంచి లండన్ వస్తున్న ఎక్స్‌ప్రెస్ రైలు, సౌథాల్ దగ్గర అడ్డంగా లైను మారుతున్న గూడ్సు బండిని ఢీకొంది. ఏడుగురు చనిపోయారు. ఆ రైల్లో రెండు రక్షణ ఏర్పాట్లున్నాయి. సిగ్నల్ దగ్గరపడితే హారన్ మోగించి హెచ్చరించే పాత పరికరం పాడైతే పక్కన పెట్టేసి బండి నడిపారు. డ్రైవరు ఏమరినా తానే బ్రేకు వేసే కొత్త పరికరం, ఏటీపీ, కూడా ఉంది. దాన్ని ఆన్ చేయలేదు. తప్పనిసరిగా ఆన్ చేయాలన్న నియమం అప్పటికి లేదు. డ్రైవర్లందరికీ దానిపై శిక్షణ కూడా అందలేదు.

రైళ్ల డిజిటల్ నియంత్రణ గురించి సంస్థలు ఇప్పుడు పడుతున్న తర్జనభర్జనలన్నిటికీ మూలం ఆ స్విచ్చులో కనిపిస్తుంది. పరికరం కొనడానికి టెండరు చాలు. దాన్ని వాడే అలవాటు టెండరుతో రాదు.

ఇది కొత్తగా తెలిసిన విషయమేమీ కాదు. 1889లో ఐర్లండ్‌లోని ఆర్మా దగ్గర, ఎత్తు ఎక్కలేక ఆగిన విహారయాత్ర బండిని రెండుగా విడదీశారు. వెనక భాగం కిందికి జారి, వస్తున్న మరో రైలును గుద్దింది. 80 మంది పోయారు, వారిలో చాలామంది పిల్లలు. పట్టాల ఒక్కో భాగంలో (సెక్షన్‌లో) ఒకే బండి ఉండాలని, ప్రయాణికుల రైలు పొడవునా పనిచేసే బ్రేకులుండాలని అదే ఏడాది బ్రిటన్ చట్టం చేసింది. ప్రమాదం, విచారణ, పరికరం, శిక్షణ: రైల్వేల్లో భద్రత చాలాకాలం ఈ వరసలోనే నడిచింది. శిక్షణది ఎప్పుడూ చివరి వంతే.

1906లో గ్రేట్ వెస్టర్న్ రైల్వే ఇంజన్ క్యాబులోకే హెచ్చరికను తెచ్చింది. లైను ఖాళీగా ఉంటే గంట, లేకపోతే సైరన్. దాని వారసురాలు, బ్రిటిష్ రైల్వేస్ 1956 నుంచి విస్తరించిన ఏడబ్ల్యూఎస్. సౌథాల్ రైల్లో పాడైన పాత పరికరం ఇదే. హారన్ మోగిన రెండు మూడు సెకన్లలో డ్రైవరు బటన్ నొక్కాలి, లేకపోతే బ్రేకు పడుతుంది. చూడటానికి పకడ్బందీగానే ఉంది. చిక్కంతా, రెండు పసుపు దీపాలకైనా (తొలి హెచ్చరిక), ఒక పసుపుకైనా (తర్వాతి సిగ్నల్ దగ్గర ఆగేందుకు సిద్ధపడమని), ఎరుపుకైనా మోగేది అదే హారన్ కావడంలో ఉంది. రద్దీ లైన్లలో వరసగా పసుపు దీపాల వెంట పోయే డ్రైవరు రోజుకు ఎన్నిసార్లు ఆ బటన్ నొక్కుతాడో! కొన్నాళ్లకు మనసు ప్రమేయం లేకుండానే చెయ్యి ఆ పని చేసేస్తుంది. మెలకువగా ఉంచాల్సిన పరికరమే ఏమరపాటు నేర్పుతుంది.

1988 డిసెంబరులో క్లాఫమ్ దగ్గర 35 మంది చనిపోయిన ప్రమాదంలో డ్రైవర్ల తప్పు లేదు. సిగ్నల్ వైరింగ్ మారుస్తూ సాంకేతిక ఉద్యోగి పాత తీగను పూర్తిగా తొలగించకుండా వదిలేశాడు. అంతకుముందు 13 వారాల్లో అతనికి దొరికిన సెలవు ఒక్కరోజు. తీగ దగ్గర విచారణ ఆగిపోలేదు. పని ఎవరు చూశారు, ఎవరు పరీక్షించారు, డ్యూటీలు ఎవరు వేశారు అని పైకి వెళ్లింది. ఏటీపీని దేశమంతటా పెట్టాలని కూడా చెప్పింది. ఖర్చు ఎక్కువని ఆ ఆలోచనను తర్వాత పక్కనపెట్టారు. 1999లో లాడ్‌బ్రోక్ గ్రోవ్ దగ్గర ఎరుపు దాటి వెళ్లిన బండిలో ఏటీపీ లేదు. 31 మంది పోయారు. ఆ డ్రైవరు అర్హత పొంది రెండు వారాలే అయింది. ఆ సిగ్నల్‌ను అంతకుముందు ఆరేళ్లలో ఎనిమిదిసార్లు రైళ్లు దాటి వెళ్లాయన్న సంగతి అతనికి ఎవరూ చెప్పలేదు.

ఐరోపా ఖండానిది మరో తలనొప్పి. రైలు రక్షణకు ఒక్కో దేశానిది ఒక్కో వ్యవస్థ, అన్నీ కలిపి ఇరవైకి పైగా. సరిహద్దులు దాటే థాలిస్ రైలు ఏడింటిని మోసుకు తిరిగేది. 1996లో ఐరోపా సమాఖ్య తెచ్చిన ఆదేశంతో ఉమ్మడి వ్యవస్థ ఈటీసీఎస్‌కు దారి పడింది. దాని రెండో స్థాయిలో రైలు ఎంత దూరం, ఎంత వేగంతో వెళ్లవచ్చో రేడియో ద్వారా క్యాబు తెరమీదికే వస్తుంది. పట్టాల పక్కన దీపాలు లేకపోయినా పని జరుగుతుంది.

ఇక్కడ డ్రైవరు ఉద్యోగమే మారిపోయింది. బయలుదేరే ముందు రైలు పొడవు, బ్రేకు సామర్థ్యం, గరిష్ఠ వేగం వంటి వివరాలు అతను తెరమీద ఎక్కించాలి. బ్రేకు ఎక్కడ పడాలో కంప్యూటర్ లెక్కగట్టేది ఆ అంకెలతోనే. బండికి ఉన్నదానికంటే ఎక్కువ బ్రేకు శక్తి ఉందని పొరపాటున కొడితే, కంప్యూటర్ ఏ మాత్రం తొణకకుండా దాన్నే నమ్ముతుంది. దారిని కళ్లతో చదవడం నేర్చిన మనిషి ఇప్పుడు తెరను చదవాలి, కిటికీని మరవకూడదు. నిర్వహణ సిబ్బంది కథా అంతే. చేత్తో తాకి చూడగలిగిన రిలే (విద్యుత్తుతో పనిచేసే స్విచ్చు) స్థానంలో సాఫ్ట్‌వేర్ వెర్షన్ వచ్చింది.

ఎప్పుడు నేర్పాలన్నదీ చిన్న ప్రశ్న కాదు. దేశంలోని సిగ్నళ్లన్నీ మార్చేయాలని 2009లో డెన్మార్క్ నిర్ణయించింది. పాత బండ్లలో ఈటీసీఎస్ పరికరాలు అమర్చడమే అనుకున్నదానికంటే కష్టమై, 2021 గడువు దాటిపోయింది. గడువు వెనక్కి జరిగినప్పుడల్లా శిక్షణా వాయిదా పడాలి. ముందే నేర్పితే మరిచిపోతారు, ఆలస్యం చేస్తే బండి నడిపేవారుండరు.

వేల్స్‌లోని కేంబ్రియన్ లైనులో ఈటీసీఎస్ 2011 నుంచి ఉంది. 2017 అక్టోబరు 19 సాయంత్రం అక్కడి సిగ్నలింగ్ కంప్యూటర్ తనంతట తాను రీస్టార్ట్ అయింది. తాత్కాలిక వేగ పరిమితులు రైళ్లకు వెళ్లడం ఆగిపోయింది. సిగ్నల్ సిబ్బంది తెరమీద మాత్రం అవి అమల్లో ఉన్నట్టే కనిపించాయి. మర్నాడు ఉదయం గంటకు 30 కిలోమీటర్లు దాటకూడని చోట, లెవెల్ క్రాసింగ్ వైపు, ఒక రైలు 80తో వెళ్లింది. ఎవరికీ ఏమీ కాలేదు. తన తెరమీద ఏదో తేడా ఉందని ఒక డ్రైవరు ఫిర్యాదు చేయబట్టి తీగ లాగితే డొంక కదిలింది.

ఈటీసీఎస్‌లో ఒక స్థితి ఉంది. రైలు ఎక్కడుందో కంప్యూటర్‌కు రూఢిగా తెలియనప్పుడు, సిగ్నలర్ అనుమతి తీసుకుని డ్రైవరు నెమ్మదిగా, కళ్లతో చూసుకుంటూ బండి నడుపుతాడు. నిబంధనల్లో దాని పేరు ‘సిబ్బంది బాధ్యత’. మామూలు రోజుల్లో ఇది అరుదుగా ఎదురవుతుంది. సిమ్యులేటర్‌లో కూర్చోబెట్టి పదేపదే సాధన చేయించాల్సింది అందుకే దీన్ని.