క్రాఫ్టు పీరియడ్ చోటులోకి 3డీ ప్రింటర్

చెన్నైలో అటల్ టింకరింగ్ ల్యాబ్ (పొర మీద పొరగా వస్తువును ముద్రించే 3డీ ప్రింటర్, పనిముట్లతో పిల్లలు సొంతంగా వస్తువులు చేసే గది) ఉన్న బడికి వెళ్తే గాజు అల్మరాలో దాదాపు అవే వస్తువులు: పేరు చెక్కిన తాళాల రింగులు, ఫోన్ స్టాండ్లు, ఒక ఈఫిల్ టవరు. ఎవరో గీసి పెట్టిన ఫైలు దింపుకుని మీట నొక్కితే వచ్చినవే ఎక్కువ. అంబత్తూరు లేత్ షాపుల్లో పనిచేసే మన తెలుగువాళ్ల పిల్లలకైనా, నాన్న చేతిలో రోజూ ఆడే వెర్నియర్ కాలిపర్స్‌కీ బడిలో ఉన్న ఆ ప్రింటర్‌కీ చుట్టరికం ఏమిటో చెప్పేవాళ్లు తక్కువ. మిషన్ వచ్చింది, డిజైన్ పాఠం రాలేదు.

నిజానికి ఈ ఊరికి ఆ పాఠం కొత్తది కాదు. 1850లో అలెగ్జాండర్ హంటర్ అనే సర్జన్ మద్రాసులో సొంతంగా ఒక కళల బడి పెట్టాడు. తర్వాత సర్కారు చేతికి వచ్చి అది పారిశ్రామిక కళల పాఠశాల అయింది. ఎగ్మోరు దగ్గర ఇప్పుడున్న ప్రభుత్వ లలితకళల కళాశాల అదే. ఆ బడి వర్క్‌షాపుల్లోనే 1898లో ఆల్ఫ్రెడ్ చాటర్టన్ అల్యూమినియం పాత్రల తయారీ మొదలుపెట్టించాడు. మన వంటింట్లో అల్యూమినియం గిన్నె కథలో ఒక కొస అక్కడుంది.

మామూలు బళ్లలోకి చేతిపని, పని ద్వారానే చదువు అన్న గాంధీజీ 1937 వార్ధా పథకంతో వచ్చింది: తకిలీ, మగ్గం, వడ్రంగం. అది ఇక్కడ ఎందుకు నిలవలేదన్న ప్రశ్నకు సగం జవాబు 1953లో దొరుకుతుంది. ఆంధ్ర రాష్ట్రం ఇంకా విడిపోక ముందు, రాజాజీ ప్రభుత్వం పల్లెల్లో ప్రాథమిక బడిని రోజుకు మూడు గంటలకు కుదించి, మిగతా పూట పిల్లలు ఇంటి వృత్తి నేర్చుకోవాలంది. కులవృత్తి చదువు అని జనం మండిపడ్డారు. 1954లో కామరాజ్ ముఖ్యమంత్రిగా రాగానే పథకం పోయింది. పోవలసిందే. కానీ దాంతోపాటు, బడిలో చేతిపని అంటేనే ఒక అనుమానం నాటుకుపోయింది. 2023లో కేంద్రం చేతివృత్తులవాళ్ల కోసం పీఎం విశ్వకర్మ పథకం తెచ్చినప్పుడు కూడా ఇక్కడ మళ్లీ అదే మాట లేచింది.

దేశం చదువును సమీక్షించిన కొఠారీ కమిషన్ (1964-66) బడిలో పని అనుభవం కావాలంది. 1977లో ఈశ్వర్‌భాయ్ పటేల్ కమిటీ దానికి సమాజోపయోగ ఉత్పాదక కృషి అని పేరు పెట్టింది. పేరు పెద్దది, ఆచరణలో మిగిలింది సబ్బుబిళ్లలూ కాగితం పూలూ. మార్కులు లేని పీరియడ్‌ను లెక్కల మాస్టారు తీసేసుకోవడం తెలిసిందే.

3డీ ప్రింటర్ పుట్టింది ఆ తర్వాతే. అమెరికాలో చక్ హల్ 1984లో, ద్రవ రెజిన్‌ను (జిగురులాంటి ప్లాస్టిక్ ముడిసరుకును) అతినీలలోహిత కాంతితో పొర మీద పొరగా గట్టిపరిచే పద్ధతికి పేటెంట్ కోరాడు. స్కాట్ క్రంప్ కూతురికి బొమ్మ కప్ప చేయబోయి, గ్లూ గన్‌లో మైనం కలిపిన ప్లాస్టిక్ పోసి పొరలు పేర్చాడు; 1989లో పేటెంట్ అడిగాడు. బడుల్లో కనిపించేది, ప్లాస్టిక్ కరిగించి పొరలు పేర్చే ఈ క్రంప్ పద్ధతే. ఆ పేటెంట్ గడువు 2009లో ముగిసింది. ఇంగ్లండ్‌లోని బాత్ విశ్వవిద్యాలయంలో ఏడ్రియన్ బోయర్ 2005లో మొదలుపెట్టిన, తన భాగాలు తానే ముద్రించుకునే రెప్‌రాప్ ప్రింటర్ అప్పటికే సిద్ధంగా ఉంది. ధర లక్షల నుంచి వేలకు దిగింది.

మన దేశంలో దీనికి ముందే ఒక ప్రయోగం జరిగింది. పుణె దగ్గర పాబల్ గ్రామంలోని విజ్ఞాన ఆశ్రమంలో అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయం తోడ్పాటుతో 2002లో ఫ్యాబ్ ల్యాబ్ (కంప్యూటర్‌తో నడిచే యంత్రాలున్న చిన్న కార్ఖానా) వెలిసింది. అక్కడ ముందు ఊరి అవసరం, తర్వాత యంత్రం. 2016లో నీతి ఆయోగ్ ద్వారా వచ్చిన అటల్ ల్యాబులు ఈ వరసను తిరగేశాయి. ఒక్కో బడికి 20 లక్షల దాకా: పరికరాలకు 10, అయిదేళ్ల నిర్వహణకు 10. ఆరు నుంచి పన్నెండో తరగతి దాకా పిల్లలకు ప్రింటర్, సెన్సర్లు, పనిముట్లు అన్నీ అందాయి. టైంటేబుల్లో చోటు, డిజైన్ నేర్పే మాస్టారు మాత్రం పెట్టెలో రారు.

పైగా లెక్క కుదరదు. 40 మంది తరగతి, తలా 25 గ్రాముల వస్తువు, ఒక్కోటి గంటన్నర. అంటే 1 కిలో ఫిలమెంట్ (ప్రింటర్ కరిగించే ప్లాస్టిక్ తీగ) చుట్ట, 60 గంటలు. రోజుకు 6 గంటలు నడిపితే పది పనిదినాలు, అదీ ఒక్కటీ చెడకపోతే. నలుగురికి ఒక వస్తువు అంటే 15 గంటల్లో అయిపోతుంది. 2022 తర్వాత వచ్చిన వేగమైన మిషన్లు ఈ భారం తగ్గించాయి గానీ పాత ల్యాబులకు అవి లేవు.

డిజైన్ పాఠం ఎలా ఉంటుందో తరగతిలో విరిగిన ఫ్యాన్ రెగ్యులేటర్ నాబ్ చూపిస్తుంది. మెయిన్ ఆపి, బయటి నాబ్ మాత్రమే లాగి, దాని రంధ్రాన్ని కాలిపర్స్‌తో కొలుస్తారు. కడ్డీ 6 మి.మీ. మందం, ఒక పక్క చదును. పిల్లవాడు 6 మి.మీ. రంధ్రమే గీస్తాడు, నాబ్ ఎక్కదు. ముద్రించిన రంధ్రం ఎప్పుడూ ఒక పిసరు తగ్గుతుంది: గుండ్రం చిన్న చిన్న సరళరేఖలుగా మారుతుంది, వేడి ప్లాస్టిక్ గీత లోపలికి లాగుతుంది, చల్లారుతూ ముడుచుకుంటుంది. 6.2 గీసి, నాబ్ మొత్తం కాకుండా 5 మి.మీ. ఎత్తు ఉంగరం ఒక్కటి ముద్రించి చూస్తే కొన్ని నిమిషాల్లో తేలిపోతుంది. 0.4 మి.మీ. నాజిల్‌తో (కరిగిన ప్లాస్టిక్ బయటికొచ్చే మొనతో) మూడు వరసల గోడ 1.2 మి.మీ.; తిప్పే నాబ్‌కు నాలుగు వరసలు మేలు. ఈ ఉంగరం దగ్గరే టవర్ ముద్రించిన పిల్లలకూ డిజైన్ చేసిన పిల్లలకూ తేడా మొదలవుతుంది.

పేరు పలక గీయాలనుకునే తెలుగు పిల్లలకు ఇంకో చిక్కు. ప, స, హ లాంటి అక్షరాల తలకట్టు ఒంటికి అంటదు. ఉత్త అక్షరాలే ముద్రిస్తే తలకట్టు విడిగా చేతిలోకి వస్తుంది. అందుకే 2 మి.మీ. పలక మీద అక్షరాన్ని 1 మి.మీ. లేపాలి. డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో ఒత్తులు చెదిరిపోతే ఇంక్‌స్కేప్ అనే బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్‌లో టైపు చేసి, గీతలుగా మార్చి, ఎస్‌వీజీ ఫైలుగా తెచ్చుకోవచ్చు.

మిగతాది చెన్నై గాలి పని. అక్టోబరు వానల్లో చుట్టను బయట వదిలితే పీఎల్‌ఏ (బడుల్లో ఎక్కువగా వాడే ఫిలమెంట్ ప్లాస్టిక్) తేమ పీలుస్తుంది; నాజిల్ దగ్గర చిటపటలు, వస్తువు మీద సాలెగూడు దారాలు, ఒక్కోసారి ఫిలమెంటే పుటుక్కున విరుగుతుంది. 45-50 డిగ్రీల దగ్గర ఆరు గంటలు ఆరబెట్టి, సిలికా జెల్ వేసిన మూత డబ్బాలో దాచాలి. మే నెలలో తలుపులు మూసిన గదిలో వేడి పైకి పాకి, నాజిల్‌కు చేరకముందే ప్లాస్టిక్ మెత్తబడి దారి పూడుకుపోతుంది. ఫ్యాను కింద పెడితే ప్లాస్టిక్ అడుగు చల్లారి బెడ్ (వస్తువు ముద్రించే పలక) నుంచి లేస్తుంది, కాబట్టి గాలి గదికి కావాలి, బెడ్‌కి కాదు.

2024 మేలో ఇక్కడి అగ్నికుల్ సంస్థ ఒకే ముక్కగా 3డీలో ముద్రించిన ఇంజిన్‌తో శ్రీహరికోట నుంచి రాకెట్ ఎగరేసింది. 2025 కేంద్ర బడ్జెట్ అయిదేళ్లలో సర్కారు బళ్లకు మరో 50,000 టింకరింగ్ ల్యాబులు ప్రకటించింది. పదో తరగతి పబ్లిక్ పరీక్షలో ఈ పనికి నేటికీ మార్కుల్లేవు.