తిమ్మిరికి చైనా వైద్యం చెప్పిన కారణాలు: ‘నరం’ అనే మాట పుట్టకముందు, పుట్టిన తరువాత

చేతివేళ్లలో చీమలు పాకినట్లుండటాన్ని, అసలు స్పర్శే తెలియకపోవడాన్ని చైనా సంప్రదాయ వైద్యులు ‘మా’, ‘ము’ అని రెండుగా విడదీస్తారు. ‘ము’ అంటే కర్ర. మొద్దు అంటే కర్రదుంగ కూడా కనుక, మొద్దుబారడం గురించి మాట్లాడే తెలుగువారికి ఈ పోలిక కొత్తగా తోచదు. అయితే ప్రాచీన గ్రంథాల్లో కనిపించే మాట ‘బు రెన్’. ‘రెన్’ అంటే కన్ఫ్యూషియస్ బోధించిన కరుణ. చేతులూ కాళ్లూ చచ్చుపడటాన్ని వైద్యులు ‘కరుణ లేకపోవడం’ అనడం ఎంతో సముచితమని 11వ శతాబ్దపు తత్వవేత్త చెంగ్ హావో మెచ్చుకున్నాడు.

క్రీస్తుపూర్వపు చివరి శతాబ్దాల్లో రూపుదిద్దుకున్న ‘హువాంగ్‌డీ నేయ్‌జింగ్’ అనే చైనా వైద్యగ్రంథంలో నరాల ప్రసక్తి లేదు. గాలి, చలి, తేమ మూడూ కలిసి శరీరంలో చొరబడితే నొప్పి, తిమ్మిరి కలిగించే ‘బి’ అనే అవరోధం ఏర్పడుతుందని, గాలి పాలు ఎక్కువైతే నొప్పి ఒకచోట నిలవదని, చలి ఎక్కువైతే తీవ్రమవుతుందని, తేమ ఎక్కువైతే ఒకేచోట పాతుకుపోతుందని అది వివరించింది. ఆయుర్వేదంలోని వాతం దేహంలోనే ఉండే దోషం కాగా, ఇక్కడి గాలి ప్రధానంగా బయటి నుంచి వచ్చే శత్రువు.

హాన్ రాజ్యం చివరి రోజుల్లో, అంటే క్రీ.శ. 200 ప్రాంతంలో, జాంగ్ జోంగ్‌జింగ్ అనే వైద్యుడు ఈ అవరోధాల్లో ఒకటైన ‘రక్త బి’కి చికిత్స రాశాడు. ఎముకలు బలహీనంగా, ఒళ్లు పుష్టిగా ఉండే సంపన్నులు అలసి, చెమట పట్టి పడుకున్నప్పుడు చిరుగాలి సోకినా ఇది వస్తుందన్నాడు. కష్టపడని ఒంటి మీద వైద్యుడు విసిరిన చురక ఇందులో వినిపిస్తుంది. హువాంగ్‌చి వేరు, పియోనీ వేరు, దాల్చిన జాతి చెట్టు కొమ్మలు సమానంగా, అల్లం వాటికి రెట్టింపు, 12 రేగుపండ్లు కలిపి కాచే ఆ కషాయాన్నే నేటి చైనా వైద్యులు మధుమేహం వల్ల పాదాలకు పట్టే తిమ్మిరికీ ఇస్తున్నారు.

‘నరం’ మాత్రం వేరే దారిలో వచ్చింది. 1774లో జపాన్‌లో సుగితా గెన్‌పాకు బృందం డచ్చి శరీరశాస్త్ర గ్రంథాన్ని అనువదిస్తూ ‘షిన్‌కేయ్’ అనే పదాన్ని కల్పించింది. దానినే చైనీయులు తరువాత ‘షెన్‌జింగ్’గా స్వీకరించారు. పాత వైద్యంలో ప్రాణశక్తి మార్గాలను సూచించే ‘జింగ్’ అనే అక్షరమే ఇందులోనూ ఉండటం వల్ల, ఆ మార్గాలే నరాలనే పొరపాటుకు ఆస్కారం కలిగింది.

1950ల నుంచి ప్రభుత్వం సంప్రదాయ వైద్యాన్ని ఆసుపత్రుల్లోకి, కళాశాలల్లోకి తెచ్చాక, పాత చికిత్సలను కొత్త రోగనామాల కింద పరీక్షించడం పెరిగింది. ఫలితాలు ఆశించినంతగా లేవు. నరాల నొప్పికి ఆక్యుపంక్చర్‌పై 2017లో వెలువడిన, వైద్య పరిశోధనలను బేరీజు వేసే కోక్రేన్ సంస్థ సమీక్షకు అర్హమైనవి 6 అధ్యయనాలు, 462 మంది రోగులే. పనిచేస్తుందని గానీ, చేయదని గానీ చెప్పేందుకు ఆ ఆధారాలు చాలవని సమీక్షకులు తేల్చారు.

నరంపై ప్రభావం స్పష్టంగా తెలిసిన పాత మందుల్లో ఒకటి ప్రమాదకరమైనది కూడా. చలి వల్ల కలిగే ‘బి’ నొప్పులకు జాంగ్ వాడిన ‘వూతోవ్’ మన వసనాభి జాతికి చెందిన దుంప. అందులోని అకోనిటిన్ నరాల్లోని సోడియం ద్వారాలను మూసుకోనివ్వదు. ఎక్కువసేపు ఉడికిస్తేనే ఆ విషం తగ్గుతుంది కనుక, సరిగా ఉడకని కషాయం తాగి హాంకాంగ్‌లోనూ ఆసుపత్రి పాలైనవారున్నారు. ఆ విషం ఒంటికి ఎక్కుతోందనడానికి మొదటి గుర్తు పెదవులకు, నాలుకకు పట్టే తిమ్మిరి.