బోడియం కోటకు డబ్బు ఎక్కడిది?

చిరంజీవులు పిల్లలకు తాతయ్య ఆశీస్సులు.

ఈ సెలవుల్లో ఇంగ్లండ్‌లోని బోడియం కోట చూడ్డానికి వెళ్తున్నారని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. చాలా సంతోషం. ఫొటోల సందడిలో పడి ఒక్క సంగతి మరిచిపోవద్దు. ఆ కోట కట్టినవాళ్లకీ, కొన్నవాళ్లకీ డబ్బు ఎక్కడి నుంచి వచ్చిందో తెలుసుకుని చూడండి.

కట్టించినవాడు ఎడ్వర్డ్ డాలిన్‌గ్రిగ్ అనే యోధుడు. ఫ్రాన్స్ యుద్ధాల్లో ఊళ్లు దోచుకునే సైనిక దండులతో తిరిగి బాగా సంపాదించాడు. బోడియం భూములు మాత్రం భార్య తరఫున వచ్చాయి. 1377లో ఫ్రెంచివాళ్లు ఓడల్లో వచ్చి దగ్గర్లోని రై పట్టణాన్ని తగలబెట్టారు. ఆ భయం ఇంకా ఉండగానే, 1385లో రెండో రిచర్డ్ రాజు దగ్గర అనుమతి తీసుకుని రోథర్ నది దగ్గర ఈ కోట కట్టాడు.

నాలుగు మూలలా నాలుగు గుండ్రటి బురుజులు, చుట్టూ నిండుగా నీళ్లున్న అగడ్త. సింహద్వారం కింద ఆగి తల పైకెత్తండి. కప్పులో కన్నాలు కనిపిస్తాయి. శత్రువులు లోపలికొస్తే పైనుంచి రాళ్లు వేయడానికన్నమాట. అక్కడే, పైనుంచి కిందికి దిగే చెక్క జాలీ తలుపు కూడా ఉంది. అంత పాతది నిలిచి ఉండటం చాలా అరుదు, దాన్ని చూడకుండా రావద్దు. గోడల్లో పాతికకు పైగా మరుగుదొడ్లున్నాయి. వాటిలోంచి పడేదంతా నేరుగా అగడ్తలోకే! ఇది యుద్ధం కోసం కన్నా దర్జా కోసమే కట్టిన కోట అని చాలామంది చరిత్రకారులు అంటారు. నాకూ అలాగే అనిపిస్తుంది.

తర్వాత పెళ్లి సంబంధాల వల్ల కోట లూక్నర్ వంశం చేతికి పోయింది. 1640ల అంతర్యుద్ధంలో అప్పటి యజమాని రాజు పక్షాన నిలబడి, పార్లమెంటు వేసిన జరిమానా కట్టడానికి 1644లో అమ్మేశాడు. ఆ తర్వాత లోపలి గదులు కూల్చేశారు. శిథిలాల మీద తీగలు అల్లుకున్నాయి.

1829లో కోటను రాళ్ల కోసం పడగొట్టకుండా కొని కాపాడినవాడు జాన్ ఫుల్లర్. ఆయన కుటుంబానికి జమైకాలో చెరకు తోటలుండేవి. వాటిలో చాకిరీ చేసింది ఆఫ్రికా బానిసలు. పార్లమెంటులో నిలబడి బానిసత్వాన్ని సమర్థించిన మనిషి ఆయన. అది చదివినప్పుడు నాకు కడుపు రగిలింది. ఆయన కొనకపోతే మీరు చూడ్డానికి కోటే ఉండేది కాదన్నదీ నిజమే.

ఇంకొకాయన మనకు బాగా తెలిసినవాడు, లార్డ్ కర్జన్. వైస్రాయిగా ఉండగా 1902లో హైదరాబాద్ నిజాం మీద ఒత్తిడి తెచ్చి, బేరార్ ప్రాంతాన్ని ఏడాదికి 25 లక్షల రూపాయలకు శాశ్వత కౌలుగా రాయించుకున్నాడు. 1905లో బెంగాల్‌ను రెండు ముక్కలు చేశాడు. దాని మీద రేగిన వందేమాతరం ఉద్యమం 1907లో మన రాజమండ్రికీ పాకింది. అక్కడి ట్రైనింగ్ కాలేజీలో చదివే గాడిచర్ల హరిసర్వోత్తమరావు గారిని అందుకే కాలేజీ నుంచి పంపించేశారు. అదే కర్జన్ 1904లో మన దేశంలో పాత కట్టడాలను కాపాడే చట్టం తెచ్చాడు, తాజ్‌మహల్‌ను బాగుచేయించాడు. ఒకటి చెప్పి ఇంకొకటి దాచడం నాకు నచ్చదు, అందుకే మీకు రెండూ రాస్తున్నాను.

ఇంగ్లండ్ తిరిగి వెళ్లాక బోడియం కోట కొన్నాడు. అగడ్తలో నీళ్లన్నీ తోడించి అడుగున తవ్వించాడు, పాత వంతెనల ఆనవాళ్లు బయటపడ్డాయి. గోడలకు మరమ్మతులు చేయించాడు. 1925లో చనిపోతూ కోటను నేషనల్ ట్రస్ట్ అనే సంస్థకు రాసిచ్చాడు. అందుకే ఇవాళ టికెట్ కొన్న ఎవరైనా లోపలికి వెళ్లొచ్చు.

కోట ఆవరణలో ఒక పొట్టి కాంక్రీటు గది కూడా ఉంటుంది, వెతకండి. 1940లో జర్మన్లు దిగుతారన్న భయంతో, రోథర్ వంతెనకు కాపలాగా కట్టారు దాన్ని. డాలిన్‌గ్రిగ్ భయపడ్డదీ సముద్రం వైపు నుంచి వచ్చే శత్రువుకే కదా! దాని ఫొటో తీసి నాకు పంపండి.

మీ తాతయ్య