వంద గ్రాముల కూన వెనుక ఉన్న చరిత్ర

జూలో జెయింట్ పాండా కూన పుట్టిందన్న ప్రకటన వెలువడ్డాక దాదాపు మూడు నెలలపాటు ఆ కూనకు పేరుండదు. వందో రోజున పేరు పెట్టడం చైనా ఆనవాయితీ. పసిగుడ్డు బతికి బట్టకట్టిందన్న నమ్మకం కుదిరాకే పేరు పెట్టాలన్న పాతకాలపు జాగ్రత్త అందులో ఉంది. పాండాల విషయంలో ఆ జాగ్రత్త ఇప్పటికీ ఉత్త లాంఛనం కాదు. మనుషుల సంరక్షణలో పుట్టిన కూన బతకడం అరుదుగా ఉన్న రోజుల నుంచి, ప్రధాన సంతాన కేంద్రాల్లో పదింటిలో తొమ్మిది దాకా బతుకుతున్న ఈ రోజుల వరకు నడిచిన కథలో, మనిషి చేయి ఎప్పుడు అందించాలో తెలుసుకోవడానికి కొన్ని దశాబ్దాలు పట్టింది. ఎప్పుడు వెనక్కి తీసుకోవాలన్న ప్రశ్న ఇంకా తేలలేదు.

చిక్కంతా పుట్టుకలోనే ఉంది. వంద కిలోల చుట్టూ తూగే తల్లికి పుట్టే కూన బరువు సుమారు వంద గ్రాములు, అంటే తల్లి బరువులో దాదాపు తొమ్మిది వందల వంతుల్లో ఒకటి. మావి ద్వారా బిడ్డను పోషించే క్షీరదాలలో తల్లితో పోలిస్తే ఇంత చిన్న పిల్లను కనేవి మరి లేవనే చెప్పాలి. గులాబి రంగు చర్మం, దాని మీద ఉందా లేదా అన్నట్టు తెల్లటి నూగు, మూసుకుపోయిన కళ్లు. గొంతు మాత్రం ఆ శరీరానికి ఏమాత్రం పొంతన లేనంత పెద్దది. నల్ల మచ్చల జాడ కనిపించడానికే ఒకటి రెండు వారాలు, కళ్లు తెరవడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది. ఒంటి వేడిని నిలుపుకోలేదు, నాలుగు కాళ్ల మీద లేవలేదు, తల్లి నాకి ప్రేరేపించకపోతే మలమూత్రాలను సైతం విసర్జించలేదు. అందుకే అడవిలో ఈనిన తల్లి మొదటి కొన్ని రోజులు తిండీ నీళ్లూ మాని, గుహలోనో చెట్టు తొర్రలోనో కూనను రొమ్ముకు హత్తుకుని కూర్చుంటుంది.

ఆ కూర్చోవడం ఎంత పెద్ద పనో మనుషులకు తొలినాళ్లలో తెలియదు. 1936 చివర్లో రూత్ హార్క్‌నెస్ అనే అమెరికన్ దుస్తుల రూపకర్త చైనా పర్వతాల నుంచి సు-లిన్ అనే పాండా కూనను సీసా పాలతో సాకుతూ అమెరికాకు తెచ్చింది. పాశ్చాత్య దేశాలకు సజీవంగా చేరిన మొదటి జెయింట్ పాండా అదే. అప్పటికే అది కొన్ని వారాల వయసు దాటిన కూన కాబట్టి మనుషులకు ఇచ్చే శిశు ఆహారంతో బతకగలిగింది. షికాగో సమీపంలోని బ్రూక్‌ఫీల్డ్ జూలో లక్షల మందిని ఆకర్షించి, 1938లో చనిపోయింది. ఆడదని అందరూ అనుకున్న ఆ పాండా మగదని చనిపోయాకే తేలింది. ఆనాటి పరిజ్ఞానం ఎంతో చెప్పడానికి ఈ ఒక్క ముక్క చాలు. తర్వాతి పాతికేళ్లలో జూలకు చేరిన పాండాలన్నీ అడవిలో పట్టినవే గనుక, అప్పుడే పుట్టిన కూనను చూసే అవసరం ఎవరికీ రాలేదు.

ఆ అవసరం మొదట బీజింగ్ జూకు వచ్చింది. 1963 సెప్టెంబర్‌లో అక్కడ లీ లీ అనే ఆడ పాండాకు పుట్టిన మింగ్ మింగ్, మనుషుల సంరక్షణలో పుట్టిన మొదటి పాండాగా చరిత్రకెక్కింది. ఆ తర్వాతి పెద్ద అడుగు కూడా అక్కడే పడింది. 1978లో కృత్రిమ గర్భధారణ ద్వారా పాండా పుట్టడం అదే మొదలు. ఈ రెండో విజయం అవసరమైనది ఎందుకంటే ఆడ పాండా ఏడాదికి ఒకే ఒక్కసారి, అదీ రెండు మూడు రోజులకు మించకుండా ఎదకు వస్తుంది. జూలో ఉండే ఒకే ఒక జంట పరస్పరం ఇష్టపడకపోతే ఆ ఏడాది అక్కడితో ముగిసినట్టే. గర్భం నిలిచాక కూడా పిండం వెంటనే గర్భాశయపు గోడకు అంటుకోదు. వారాలు, ఒక్కోసారి నెలలు అలాగే ఉండిపోయి, చివరి కొద్ది వారాల్లోనే గబగబా ఎదుగుతుంది. దీనికి తోడు గర్భం లేకపోయినా ఉన్నట్టే హార్మోన్లు, ప్రవర్తన మారిపోయే ఉత్తుత్తి గర్భాలు పాండాలలో మామూలు. ఈ కారణాలన్నిటి వల్ల సిబ్బందికి ప్రసవం ఎప్పుడో ముందుగా లెక్కకట్టడం కష్టమైంది, కూన పుట్టేనాటికి ఏ ఏర్పాటూ లేకపోవడం పరిపాటైంది.

1972లో అమెరికా అధ్యక్షుడు నిక్సన్ చైనా పర్యటన తర్వాత వాషింగ్టన్‌లోని జాతీయ జూకు కానుకగా వచ్చిన లింగ్-లింగ్, షింగ్-షింగ్ జంట కథ ఈ నిస్సహాయతకు ప్రపంచం చూసిన సాక్ష్యం. 1983 నుంచి 1989 వరకు ఆ జంటకు ఐదు కూనలు పుట్టగా ఒక్కటి కూడా కొద్ది రోజులకు మించి బతకలేదు. అదే కాలంలో మెక్సికో నగరంలోని చపుల్తెపెక్ జూలో జరిగింది ఇందుకు భిన్నం. అక్కడ పే పే, యింగ్ యింగ్ జంటకు 1980లో పుట్టిన కూన చైనా వెలుపల పుట్టిన మొదటి పాండా. అది ఎనిమిదో రోజున తల్లి ఒంటి కింద నలిగి పోయింది. మరుసటి ఏడాది జూలైలో పుట్టిన తోహుయి మాత్రం పెరిగి పెద్దదై, తానూ తల్లి అయింది. 1982లో మాడ్రిడ్ జూలో, లండన్ నుంచి వచ్చిన మగ పాండా చియా చియా వీర్యంతో షావో షావోకు కవలలు పుట్టగా, వాటిలో చులిన్ ఒక్కటే దక్కింది. మెక్సికో విజయానికి ఆ ఊరి ఎత్తు, చల్లటి వాతావరణం కారణమని అప్పట్లో కొందరు అన్నారు. నాకు మాత్రం అంతకన్నా సులువైన కారణం తోస్తుంది: మొదటి కాన్పులో తడబడిన తల్లికి రెండో అవకాశం, మూడో అవకాశం దొరికాయి, ఆమె నేర్చుకుంది.

చులిన్ తోడబుట్టిన కూన కథ పాండాల పెంపకంలోని అసలు చిక్కుముడి. పాండా కాన్పుల్లో సుమారు సగం కవలలే. కానీ తల్లి ఒకదాన్నే ఎత్తుకుంటుంది, రెండోదాన్ని నేలమీద వదిలేస్తుంది. దీన్ని క్రూరత్వమనడం తప్పు. వెదురు మీద బతికే జంతువు ఒంట్లో రెండు కూనలకు సరిపడే పాలు, బలం ఉండవు. ఒక కూననే పద్దెనిమిది నెలలు మొదలు రెండేళ్ల దాకా వెంట ఉంచుకోవాల్సిన తల్లికి ఈ ఎంపిక తప్పదు. వదిలేసిన కూనను సిబ్బంది తీసి సీసా పాలతో పెంచాలని చూసినప్పుడల్లా దాదాపు ఒకే ఫలితం వచ్చేది. ఆవుపాల పొడితో చేసిన మిశ్రమం దానికి అరిగేది కాదు. మలబద్ధకం, కడుపుబ్బరం, అంటురోగాలు కొద్ది రోజుల్లోనే పొట్టనబెట్టుకునేవి.

పరిష్కారం ముక్కలు ముక్కలుగా దొరికింది. తల్లి నాకుడు చేసే పనిని గోరువెచ్చని నీళ్లలో తడిపిన దూదితో చేయవచ్చని సంరక్షకులు గ్రహించారు. రెండోది ముర్రుపాల సంగతి: రోగాలను తట్టుకునే శక్తి కూనకు ఈ తొలిపాలతోనే వస్తుంది. చాలా జంతువుల్లో ముర్రుపాలు రెండు మూడు రోజుల్లో మామూలు పాలుగా మారిపోతాయి, పాండాలో మాత్రం ఆ మార్పు పూర్తి కావడానికి సుమారు నెల రోజులు పడుతుందని పాల విశ్లేషణల్లో తేలింది. పుట్టిన నాటి నుంచి తల్లిపాలకు దూరమైన కూన అన్ని రోజుల రక్షణను కోల్పోతోందన్నమాట. అందువల్ల చేతిపెంపకం ఎంత మెరుగుపడినా, తల్లిపాలకు సాటి లేదన్న నిర్ణయానికి వచ్చారు. మరి ఒకే తల్లి రెండు కూనలకు పాలివ్వాలంటే ఎలా?

సిచువాన్ రాష్ట్రంలోని రెండు కేంద్రాలు దీనికి జవాబు కనిపెట్టాయి. 1980లలో వొలాంగ్ అభయారణ్యంలో ప్రపంచ వన్యప్రాణి నిధి సహకారంతో ఏర్పడిన పరిశోధన కేంద్రం ఒకటి. 1987లో, అడవి నుంచి రక్షించి తెచ్చిన ఆరు పాండాలతో మొదలైన చెంగ్‌దు కేంద్రం రెండోది. 1983 ప్రాంతంలో ఆ పర్వతాలలో వెదురు పెద్ద ఎత్తున పూచి ఎండిపోవడంతో ఆకలికి గురైన పాండాలను కాపాడే ప్రయత్నమే ఈ కేంద్రాల పనికి ఊపునిచ్చింది. ఇక్కడి సంరక్షకులు కవలల్లో ఒకదాన్ని తల్లి ఒడిలో, రెండోదాన్ని ఇంక్యుబేటర్‌లో ఉంచి, రోజుకు కొన్నిసార్లు రెంటినీ మార్చడం మొదలుపెట్టారు. తేనె కలిపిన నీళ్ల పాత్ర తల్లి ముందు పెట్టి, ఆమె దృష్టి అటు మళ్లిన క్షణంలో కూనను తీసి, రెండోదాన్ని చేతికందించే ఈ పద్ధతికి ఖరీదైన యంత్రం ఏదీ అక్కర్లేదు. కావలసింది తల్లి ఆ మనిషిని నమ్మడం. వందల కిలోల బలం చూపగల జంతువు చేతుల్లోంచి బిడ్డను తీయగలిగే మనిషి, ఆమెతో ఏళ్ల తరబడి మెలిగినవాడై ఉండాలి.

1998, 2000 మధ్య చైనా, అమెరికా నిపుణులు కలిసి 61 పాండాలను వైద్యపరంగా పరీక్షించిన సర్వే ఈ పనికి శాస్త్రీయమైన పునాది వేసింది. ఎందుకు కొన్ని జంతువులు ఈనడం లేదన్న ప్రశ్నకు పోషణ, జబ్బులు, జన్యుపరమైన బంధుత్వం, బోను జీవితపు ప్రవర్తన ఇవన్నీ కలిసి జవాబులని తేలింది. అప్పటికి విదేశీ జూలకు పాండాలను కానుకగా ఇవ్వడం ఆగిపోయి, కొంతకాలానికి అప్పుగా ఇచ్చే పద్ధతి స్థిరపడింది. 1980లలో నెలల తరబడి ఊరూరా తిప్పే ప్రదర్శనల మీద విమర్శలు చెలరేగి, అవి పిల్లలను కనాల్సిన వయసులోని పాండాలను వృథా చేస్తున్నాయన్న వాదన అమెరికాలో కోర్టుల దాకా వెళ్లింది. చివరికి పదేళ్ల అప్పు, జంటకు ఏటా పది లక్షల డాలర్ల దాకా రుసుము, పుట్టిన కూన చైనాదే అన్న షరతు ఖాయమయ్యాయి. చాలా కూనలు రెండు నుంచి నాలుగేళ్ల వయసులో చైనాకు చేరేది ఈ షరతు వల్లే. జూకు వచ్చే జనం ఈ వీడ్కోలును కన్నీళ్లతో చూస్తారు, ఒప్పందం రాసినవారికి అది మొదటి నుంచీ తెలిసిన సంగతే.

ఈ కొత్త పద్ధతి కింద 1999లో సాన్ డియేగో జూలో బాయ్ యున్‌కు పుట్టిన హ్వా మే, అమెరికాలో బతికి పెద్దదైన మొదటి పాండా. 2013 జూలైలో అట్లాంటా జూలో లున్ లున్‌కు పుట్టిన మే లున్, మే హ్వాన్ కవలలు మార్పిడి పద్ధతితో పెరిగి, ఆ దేశంలో బతికిన మొదటి పాండా కవలలుగా నిలిచాయి. 2014లో గ్వాంగ్‌జౌలోని చిమెలాంగ్ పార్కులో ఏకంగా ముగ్గురు కూనలూ బతకడం మరో మొదటి. అయితే తల్లి ఒప్పుకోకపోతే ఏ పద్ధతీ పనిచేయదని 2015 ఆగస్టులో వాషింగ్టన్ చూపింది. మే షియాంగ్‌కు పుట్టిన కవలల్లో పెద్దది 138 గ్రాములు, చిన్నది 86 గ్రాములు. తల్లి చేతిలో ఉన్న కూనను వదలడానికి నిరాకరించేసరికి మార్పిడి గాడి తప్పింది. చిన్నది నాలుగు రోజులకే, ఊపిరితిత్తుల్లోకి పాలు లాంటి పదార్థం పోవడం వల్ల వచ్చిన న్యుమోనియాతో చనిపోయింది. పెద్దది బే బే పేరుతో పెరిగింది. 2012లో టోక్యోలోని ఉయెనో జూలో, 24 ఏళ్ల తర్వాత పుట్టిన కూన కూడా ఆరు రోజులకే శ్వాసనాళంలోకి పాలు చేరి పోయింది. సీసా చేతపట్టుకున్న సంరక్షకుల భయమంతా ఈ ఒక్క విషయం గురించే. అందుకే కూనను వెల్లకిలా కాకుండా బోర్లా పట్టుకుని, చుక్క చుక్కగా పాలు పడతారు.

మరో దారి లేకపోలేదని వియన్నాలోని షోన్‌బ్రున్ జూ చూపించింది. 2007లో అక్కడ యాంగ్ యాంగ్‌కు పుట్టిన ఫు లాంగ్, కృత్రిమ గర్భధారణ లేకుండా యూరప్‌లో పుట్టిన మొదటి పాండా. ఆ జూ వారు కూనను తాకకుండా కెమెరాలతోనే గమనించే విధానం ఎంచుకున్నారు. 2016 ఆగస్టులో అదే తల్లి ఈనినప్పుడు ఒకటే కూన అనుకున్నారు, కొన్ని రోజుల తర్వాత గానీ రెండోది ఉందని తెలియలేదు. ఎవరి సాయమూ లేకుండా యాంగ్ యాంగ్ రెంటినీ పెంచింది. బెర్లిన్‌లో 2019లో మెంగ్ మెంగ్‌కు పుట్టిన కవలలను మాత్రం చెంగ్‌దు నుంచి వచ్చిన నిపుణులతో కలిసి మార్పిడి పద్ధతిలోనే పెంచారు. ఒకే తల్లి అనుభవం ఆధారంగా మార్పిడి అనవసరమని తీర్పు చెప్పడం తొందరపాటు అవుతుంది. అయితే తల్లికి ప్రశాంతత దొరికితే ఆమె ఎంతవరకు పోగలదో అప్పటివరకు ఎవరూ పరీక్షించలేదన్నది నిజం.

సంఖ్య పెరగడంతో మరో విషయం బయటపడింది. కొన్ని చైనా కేంద్రాల్లో కూనలను ఆరు నెలల వయసుకే తల్లి నుంచి విడదీసేవారు, మరుసటి వసంతానికి ఆమె మళ్లీ ఎదకు రావాలని. అడవిలో ఏడాదిన్నర, రెండేళ్లు తల్లితో ఉండే జంతువుకు నర్సరీ గదుల్లో తోటి కూనలతో గడిచే బాల్యం ఏం నేర్పుతుందన్న ఆందోళన అప్పుడే మొదలైంది. చేతుల మీద పెరిగిన చాలా పాండాలకు పెద్దయ్యాక జతకట్టడం తెలియకపోవడంతో కృత్రిమ గర్భధారణ మీద ఆధారపడడం పెరిగింది. దాన్నుంచి పుట్టిన కూనలు మళ్లీ చేతుల మీదే పెరిగాయి. 2013 చివరికి 375 ఉన్న సంరక్షణలోని పాండాలు 2023కి 728 అయ్యాయి. అడవిలో ఉన్నవి నాలుగో జాతీయ సర్వే ప్రకారం 1,864. అడవి సంఖ్య పెరగడానికి ప్రధాన కారణం అడవుల నరికివేత ఆగడం, అభయారణ్యాలు విస్తరించడం. 2016లో అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం ఈ జాతిని 'అపాయంలో ఉన్నవి' నుంచి 'దుర్బల' వర్గంలోకి మార్చినప్పుడు కూడా లెక్కలోకి తీసుకున్నది ఈ అడవి సంఖ్యనే.

బోనులోని కూనలు అడవికి పనికొచ్చేలా చేయడం అన్న పని 2006 ఏప్రిల్‌లో షియాంగ్ షియాంగ్ అనే మగ పాండాతో మొదలైంది. మనుషుల మధ్య పెరిగిన అది ఏడాది తిరగకముందే చనిపోయింది. అడవి పాండాలతో పోరాడి ఎత్తు నుంచి పడి ఉంటుందన్నది పరిశీలకుల అంచనా. ఆ చావు తర్వాత పద్ధతి తలకిందులైంది. కూనను తల్లితోనే పెద్ద అడవి ఆవరణలో వదిలి, పరీక్షకు వెళ్లే సంరక్షకులు పాండా వేషం కట్టి, పాండా మూత్రపు వాసన పులుముకుని వెళ్లే ఏర్పాటు చేశారు. మనిషి ముఖమూ వాసనా తెలియకుండా తల్లితోనే పెరిగిన తావో తావోను 2012 అక్టోబర్‌లో లిజిపింగ్ అభయారణ్యంలో వదిలారు. ఐదేళ్ల తర్వాత పరీక్ష కోసం దాన్ని పట్టుకున్నప్పుడు ఆరోగ్యంగా ఉంది.