టిక్కీలు మోసే ఎలుక

గుంటూరు

చిరంజీవులు బుజ్జికి, చిన్నాకి తాతయ్య ఆశీస్సులు.

బుజ్జీ, నీ ఉత్తరం అందింది. "పెదనాన్నకి హెపటైటిస్ సి అన్నారు. స్కానింగ్‌లో ఫ్యాటీ లివర్ అని కూడా వచ్చింది. ఆయన చుక్క ముట్టడు కదా, రెండూ ఎందుకొచ్చాయి? కంచం వేరే పెట్టాలా?" అని అడిగావు.

కంచం వేరే పెట్టక్కర్లేదు. హెపటైటిస్ అంటే కాలేయానికి వచ్చే వాపు. దాన్ని తెచ్చే సి వైరస్ రక్తం ద్వారా పాకుతుంది, కలిసి తింటే రాదు. ఆ మాట ముందు మీ పెద్దమ్మకి చెప్పు.

ఇక కాలేయం. మన మిర్చి యార్డు దగ్గర గోడౌన్ లాంటిదనుకోండి. సరుకు వస్తుంటుంది, పోతుంటుంది. వచ్చేది ఎక్కువైతే టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, పేరుకుంటాయి. అదే కొవ్వు. తాగుడే అక్కర్లేదు, పెరిగిన పొట్ట, షుగరు చాలు. వైరస్ అంటే ఎలుకలు. టిక్కీల సందుల్లో ఎలుకలు చేరితే గోడౌన్ రెండింతలు పాడవుతుంది. కాలేయంలోనూ అంతే, రెండూ కలిస్తే మచ్చలు త్వరగా కడతాయి, ముదిరితే సిరోసిస్, అంటే కాలేయం మచ్చలతో గట్టిపడిపోతుంది.

ఇందులో ఒక వింత ఉంది. సి వైరస్‌లో మూడో రకం మన దేశంలో ఎక్కువ. అది కాలేయంలో తనే కొవ్వు పేరుస్తుంది. అంటే టిక్కీలు మోసుకొచ్చే ఎలుక! యార్డులో ఇంతకాలం తిరిగాను, అలాంటి ఎలుకని చూడలేదు.

మా చిన్నప్పుడు కామెర్లు అనగానే ఆకు పసరు తాగించి, చేతి మీద వాత పెట్టేవారు. నాకూ పెట్టారు, మచ్చ ఇంకా ఉంది. తగ్గితే పేరు పసరుకే. నీళ్ల వల్ల వచ్చే ఎ, ఇ రకాలు చాలామందిలో వాటంతటవే తగ్గుతాయని అప్పుడెవరికి తెలుసు? సి అలా కాదు, కళ్లు పచ్చబడకుండానే ఏళ్ల తరబడి లోపల కూర్చుంటుంది. 1989 దాకా దాన్ని పట్టుకోనేలేదు, "ఎ కాదు, బి కాదు" అనేవారు. పసర్ల జోలికి మాత్రం పోకండి, కొన్ని కాలేయాన్నే దెబ్బతీస్తాయి.

ఇప్పుడు మంచి మాత్రలున్నాయి. సాధారణంగా 12 వారాలు వాడితే నూటికి 95 మందికి పైగా వైరస్ పోతుంది. ఎలుక మోసిన టిక్కీలు దాంతోపాటే తగ్గుతాయి. పెదనాన్న పొట్ట తెచ్చినవి మాత్రం ఉంటాయి. సాయంత్రాలు ఆయన్ని నడకకి లాక్కెళ్లే పని మీ ఇద్దరిదీ. మిరపకాయ బజ్జీల బండి లేని వీధి చూసుకోండి.

సి కి టీకా లేదు, బి కి ఉంది. అమ్మనడిగి మీ టీకా కార్డులు తీయించండి. పుట్టిన 24 గంటల్లో వేయాల్సిన హెపటైటిస్ బి డోసు పక్కన తేదీ ఉందో లేదో చూసి నాకు రాయండి.

తాతయ్య