ఫిల్ములో కనిపించని జబ్బు: మెదడు స్కానింగ్‌పై అపోహలు - వాస్తవాలు

మానసిక వైద్యుల ఓపీకి ఫిల్ముల కవరు చంకలో పెట్టుకుని వచ్చే కుటుంబాలు చాలానే ఉంటాయి. "తలకు ఎంఆర్‌ఐ తీయించామండీ, అంతా నార్మలే అన్నారు. మరి మావాడు ఒక్కడే కూర్చుని ఎవరితో మాట్లాడుతున్నట్టు?" అని ఒక తండ్రి నన్ను అడిగారు. ఆ ప్రశ్నలోనే మొదటి అపోహ ఉంది.

అపోహ: స్కానింగ్ నార్మల్‌గా ఉంటే జబ్బు లేనట్టే.

వాస్తవం: లేని మాటలు వినిపించడం, లేనిపోనివి నిజమని గట్టిగా నమ్మడం వంటి లక్షణాలుండే మానసిక జబ్బు స్కిజోఫ్రెనియా. దాన్ని నిర్ధారించేది స్కానింగ్ కాదు. రోగితోనూ ఇంట్లోవాళ్లతోనూ మాట్లాడి, ఏయే లక్షణాలు ఎంతకాలంగా ఉన్నాయో తెలుసుకునే నిర్ధారిస్తాం. మెదడులో గడ్డ, మెదడువాపు వంటి వేరే కారణాలేవీ లేవని తేల్చుకోవడానికి, ముఖ్యంగా ఫిట్స్ వచ్చినప్పుడో, లక్షణాలు పెద్ద వయసులో మొదలైనప్పుడో స్కానింగ్ రాస్తాం.

అపోహ: రోగుల మెదడులో మార్పులుంటాయని పరిశోధనలు తేల్చాయి కాబట్టి, ఎవరి స్కాన్ చూసినా జబ్బు పట్టేయవచ్చు.

వాస్తవం: మార్పులున్న మాట నిజమే. 1976లో లండన్‌లోని నార్త్‌విక్ పార్క్ ఆసుపత్రిలో ఈవ్ జాన్‌స్టన్, టిమ్ క్రో బృందం 17 మంది దీర్ఘకాలిక రోగుల సీటీ స్కాన్లను 8 మంది ఆరోగ్యవంతుల స్కాన్లతో పోల్చి, రోగుల మెదడులో ద్రవం నిండి ఉండే గదులు పెద్దవిగా ఉన్నాయని గుర్తించింది. నలభై ఏళ్ల తర్వాత, 2016లో, ఎనిగ్మా అనే అంతర్జాతీయ బృందం 2,028 మంది రోగులను, 2,540 మంది ఆరోగ్యవంతులను పోల్చింది. మెదడు లోపలి భాగాల్లో అన్నిటికంటే ఎక్కువ తేడా కనిపించింది జ్ఞాపకశక్తికి కీలకమైన హిప్పోక్యాంపస్‌లో.

అయితే ఆ "ఎక్కువ తేడా" ఎంతో చూడండి. ఒక రోగిని, ఒక ఆరోగ్యవంతుణ్ణి చీటీలు తీసి ఎంచుకుని వారి హిప్పోక్యాంపస్‌లను పోల్చారనుకుందాం. వందసార్లు అలా చేస్తే సుమారు 63 సార్లు రోగిది చిన్నదిగా ఉంటుంది, మిగతా 37 సార్లు ఆరోగ్యవంతుడిదే చిన్నది. గుంపుల సగటు గురించి ఇది విలువైన సమాచారమే గానీ, ఎదురుగా కూర్చున్న ఒక్క మనిషి గురించి ఏదైనా తేల్చడానికి చాలదు. పైగా డిప్రెషన్ ఉన్నవారిలోనూ ఆ భాగం సగటున కాస్త చిన్నదిగానే ఉంటుంది.

అపోహ: ఫంక్షనల్ ఎంఆర్‌ఐ (మెదడు పనిచేసే తీరును చూపే స్కాన్) బొమ్మలో ఎర్రగా మెరిసే చోటే జబ్బు ఉంది.

వాస్తవం: ఆ రంగు మెదడుది కాదు, రక్తంలోని ఆక్సిజన్ హెచ్చుతగ్గులను గణాంకాలతో లెక్కగట్టి కంప్యూటర్ పూసిన రంగు. 2009లో క్రెయిగ్ బెనెట్ బృందం చచ్చిన సాల్మన్ చేపను స్కానర్‌లో పెట్టి, దానికి మనుషుల ఫొటోలు చూపించింది. వేలాది బిందువులను ఒకేసారి పరీక్షించేటప్పుడు కాకతాళీయంగా వచ్చే తప్పుడు ఫలితాలను తగ్గించడానికి చేయవలసిన సవరణ చేయకపోతే, చేప మెదడులోనూ "చైతన్యం" కనిపించింది! నవ్వులాటగా తోచినా, మా రంగానికి అవసరమైన చురక అది.

అపోహ: మందులే మెదడును కుదించేస్తాయి.

వాస్తవం: దీన్ని పూర్తిగా కొట్టిపారేయలేను. అమెరికాలోని అయోవాలో 211 మంది రోగులను ఏళ్ల తరబడి పరిశీలించి 2011లో వెలువరించిన అధ్యయనంలో, మందులు ఎక్కువగా వాడినవారిలో మెదడు కణజాలం కొంత ఎక్కువగా తగ్గినట్టు తేలింది. కానీ మందు మొదలుపెట్టకముందే స్కాన్ చేసిన రోగుల్లోనూ మార్పులు కనిపించాయి. మందు ఆపేస్తే జబ్బు తిరగబెట్టే ముప్పు మాత్రం ఖాయంగా పెరుగుతుంది. అందుకే మానేయమని కాదు, సరిపడా తక్కువ మోతాదులో వాడమని చెబుతాను.

అపోహ: ఈ పరిశోధనల వల్ల రోగికి ఒరిగిందేమీ లేదు.

వాస్తవం: ఆ తక్కువ మోతాదు ఎంతో తెలిసిందే పెట్ స్కాన్ల (మందు మెదడులో ఎంతమేర అతుక్కుందో కొలవగల స్కాన్ల) వల్ల. హాలోపెరిడాల్ అనే స్కిజోఫ్రెనియా మందు వాడుతున్నవారిపై టొరంటోలో షితిజ్ కపూర్ బృందం చేసిన అధ్యయనం 2000లో వెలువడింది. డోపమైన్ అనే మెదడు రసాయనం అతుక్కునే డీ2 గ్రాహకాల్లో సుమారు 65 శాతాన్ని మందు ఆక్రమిస్తే గుణం కనిపించే అవకాశం పెరుగుతుందని, 78 శాతం దాటితే ఒళ్లు బిగుసుకుపోవడం వంటి దుష్ప్రభావాలు ఎక్కువవుతాయని అందులో తేలింది. "డోసు పెంచితే త్వరగా తగ్గుతుందేమో" అని అడిగేవారికి నేను చెప్పే జవాబు ఈ రెండు అంకెల మధ్యే ఉంటుంది.