పక్షవాతం ఇంట్లో "ఏమైనా కావాలంటే చెప్పండి" అన్నవాళ్లకు ఏం చెప్పాలి?

పక్షవాతం వచ్చిన మనిషి ఆసుపత్రి నుంచి తిరిగొచ్చిన వారం ఇల్లంతా చుట్టాలే. పళ్లు, కొబ్బరి బోండాలు, పరామర్శలు. వెళ్తూ వెళ్తూ అందరిదీ ఒకే మాట: "ఏమైనా కావాలంటే చెప్పండి." మూడో నెలకు గుమ్మం ఖాళీ. సాయం గట్టిగా కావాల్సింది అప్పుడే. వేగంగా కోలుకునేది మొదటి మూడు నెలల్లోనే అయినా, ఆ తర్వాత ఏళ్ల తరబడి కూడా కొద్దికొద్దిగా మెరుగవుతూనే ఉంటారు. దెబ్బతిన్న భాగం పనిని మెదడులోని మిగతా భాగాలు నేర్చుకోవాలంటే అదే కదలిక, అదే మాట వందలసార్లు జరగాలి. ఇంట్లో ఒక్కరే అంతా చేయించలేరు.

అందుకే ఆ మాట అన్నవాళ్లకు అక్కడికక్కడే పని అప్పజెప్పండి. "మంగళ, శుక్రవారాలు సాయంత్రం ఐదింటికి రా బాబాయ్, ఆయన్ని కుర్చీలోకి దించాలి." రోజు, గంట, పని తెలిస్తే ఒప్పుకోవడం సులువు. అడగడానికి మొహమాటపడితే నష్టపోయేది మంచం మీదున్న మనిషి.

వచ్చినవాళ్లకు ముందు నేర్పాల్సింది మంచం మీంచి దించడమే. కుర్చీ బాగున్న చేతి వైపు, మంచానికి ఆనించి ఏటవాలుగా పెట్టాలి. చక్రాలుంటే బ్రేకులు వెయ్యాలి. రెండు పాదాలూ నేలకు ఆనాక, ఆయన ముందుకు బాగా వంగాలి. పట్టుకునేవాళ్లు ఎదురుగా నిలబడి, పడిపోయిన కాలి మోకాలికి తమ మోకాలు అడ్డుపెట్టి, నడుముకు కట్టిన బెల్టు పట్టుకుని లేపాలి. పడిపోయిన చెయ్యి పట్టి లాగడం, చంకలో చెయ్యేసి ఎత్తడం మాత్రం వద్దు. భుజాన్ని బిగించి ఉంచే కండరాలు వదులై ఉంటాయి. లాగితే కీలు జారుతుంది. ఆ నొప్పి నెలల తరబడి వేధిస్తుంది, దాంతో వ్యాయామమూ ఆగిపోతుంది.

ప్రేమతో తాగించే కొబ్బరి నీళ్లూ ప్రమాదమే. మింగడం సరిగా రానివాళ్లకు పల్చటి ద్రవం గొంతులోంచి ఊపిరితిత్తుల్లోకి జారి న్యుమోనియా తెస్తుంది. కొందరికి దగ్గైనా రాదు. ఏది ఎంత చిక్కగా ఇవ్వాలో స్పీచ్ థెరపిస్టును అడిగి కాగితం మీద రాసి మంచం దగ్గర అంటించండి. పావురం రక్తంతో మర్దనా చేస్తే నయమవుతుందనీ, మాత్రలు మానెయ్యమనీ చెప్పేవాళ్లూ వస్తారు. బీపీ మాత్ర, రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే మాత్ర డాక్టరు చెప్పకుండా ఆపితే మరో స్ట్రోకు ముప్పు పెరుగుతుంది.

కాగితాల పని తెలిసిన కుర్రాడికి సదరం సర్టిఫికెట్ (వైకల్యాన్ని ధ్రువీకరించే ప్రభుత్వ పత్రం) పని ఇవ్వండి. ఆంధ్రప్రదేశ్‌లో పక్షవాతంతో మంచానికో, చక్రాల కుర్చీకో పరిమితమైనవాళ్లకు 2024 జులై నుంచి నెలకు 15,000 రూపాయల పింఛను ఉంది.

మాట పడిపోయినవాళ్ల దగ్గరికి జనం రావడం తగ్గించేస్తారు, ఏం మాట్లాడాలో తెలీక. మాట రాకపోవడమంటే తెలివి పోవడం కాదు. టీవీ ఆపి, ఎదురుగా కూర్చుని, ఒక్కో ప్రశ్నే అడగాలి: "టీ తాగుతావా?" తల ఊపితే చాలు. జవాబు కోసం మనసులో పది లెక్కపెట్టాలి, మాట అందించెయ్యకూడదు. సొంతంగా ఒక్క మాట పలకలేనివాళ్ల నోట కూడా అంకెలు, వారాల పేర్లు, చిన్నప్పుడు వల్లెవేసిన పద్యాలు వచ్చేస్తుంటాయి. బడిలో పక్కన కూర్చున్న స్నేహితుణ్ని పిలవండి. ఆయన మొదటి పాదం ఎత్తుకుంటే, రెండోది వీళ్లు అందుకోవచ్చు.